టోపీ మీద హైదరాబాద్.. లోపల మనోళ్లు ఎక్కడ?

పొద్దున ఐదున్నరకు ఫోన్ మోగింది. ఆ టైమ్‌కు ఊరి నుంచి ఫోన్ వస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. చూస్తే గద్వాల నుంచి మా చిన్నమ్మ కొడుకు. ఆయాసంతో రొప్పుతున్నాడు.

"అక్కా, లేచినవా? ఒక్క మాట అడగాలె."

వాడికి పంతొమ్మిదేళ్లు. ఇంటర్ అయిపోయింది. చిన్నాయన మగ్గం మీద కూర్చుని గద్వాల చీరలు నేస్తాడు. వీడికి మాత్రం మగ్గం మీద మనసు లేదు, ఆర్మీ మీదే ఉంది. ఆర్నెల్లుగా రోజూ చీకట్లో లేచి గ్రౌండ్‌లో 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఆ రోజు వాడిని ఇబ్బంది పెట్టింది మాత్రం పరుగు కాదు.

"ఇన్ఫంట్రీల రెజిమెంట్లు ఉంటయంట గద. పంజాబ్ రెజిమెంట్ ఉన్నదంట, బీహార్ రెజిమెంట్ ఉన్నదంట, అస్సాం రెజిమెంట్ ఉన్నదంట. మరి మన హైదరాబాద్ పేరు మీద ఎందుకు లేదక్కా? నాతోని ఉరికే పిలగాడు ఒకడు ఏమంటుండంటే, మనోళ్లది అసలు యుద్ధం చేసే జాతి కాదంట. గందుకే లేదంట. నిజమేనా?"

నేను వనపర్తి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నదాన్ని. సైన్యం గురించి నాకేం తెలుసు? "చూసి చెప్తా తియ్" అని ఫోన్ పెట్టేశాను. నిద్ర మాత్రం పట్టలేదు. 'యుద్ధం చేసే జాతి కాదు' అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ ముల్లు తీద్దామని మొదలుపెడితే, రెండు వందల ఏళ్ల కథ బయటపడింది. హైదరాబాద్ పేరుతో రెజిమెంట్ ఉంది! ఇప్పటికీ ఉంది. పేరే మారింది.

ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ కాదు

మొదటి క్లూ నా హాస్టల్ పక్కనే దొరికింది. మాసబ్‌ట్యాంక్ దగ్గర 'ఏసీ గార్డ్స్' అనే బస్తీ ఉంది. హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఆ బోర్డు చూసి, ఇదేదో ఏసీలు రిపేర్ చేసే ఏరియా కావచ్చు అనుకున్నాను. నవ్వకండి, మీలో సగం మంది కూడా అదే అనుకుని ఉంటారు.

ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. ఆఫ్రికా మూలాలున్న సిద్దీ సైనికుల గుర్రపు దళం ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. మన పెళ్లి బరాత్‌లలో దుమ్ము రేపే మర్ఫా బాజా ఉంది కదా, అది హైదరాబాద్‌కు వచ్చింది ఈ సిద్దీల దగ్గరి నుంచే.

అసలు విషయం ఏమిటంటే, ఈ దళం మొదలైంది హైదరాబాద్‌లో కాదు, మా వనపర్తిలో. వనపర్తి సంస్థానాన్ని ఏలిన మొదటి రాజా రామేశ్వర రావు సిద్దీలతో ఒక అంగరక్షక దళాన్ని తయారు చేయించాడు. 1866లో ఆయన చనిపోయారు. తర్వాత ఆ దళం నిజాం సైన్యంలో కలిసి హైదరాబాద్‌లో స్థిరపడింది. 1948 పోలీస్ చర్య తర్వాత నిజాం సైన్యంతో పాటే అదీ రద్దయింది. దళం పోయినా బస్తీకి పేరు మిగిలింది.

నేను మూడేళ్లు చదివిన పాలిటెక్నిక్ నడిచేది ఆ రాజావారి బంగళాలోనే. ఆ మెట్ల మీద కూర్చుని ఎన్ని సమోసాలు తిన్నామో లెక్క లేదు. ఇక్కడి నుంచి ఒక సైన్యం బయల్దేరిందని ఒక్కరోజైనా ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అయితే ఏసీ గార్డ్స్ గుర్రపు దళం. మా తమ్ముడు అడిగింది ఇన్ఫంట్రీ, అంటే కాల్బలం. దాని కోసం ఏసీ గార్డ్స్ నుంచి బొల్లారం దాకా పోవాలి.

ఒక్క నిజాం.. మూడు సైన్యాలు

మొదట ఒక చిక్కుముడి విప్పాలి. నిజాం రాజ్యంలో ఒకే సమయంలో మూడు రకాల సైన్యాలు ఉండేవి. ఇది అర్థం కాకపోతే కథ అర్థం కాదు.

ఒకటి, నిజాం సొంత సైన్యం. ఏసీ గార్డ్స్ లాంటివన్నీ ఇందులోకే వస్తాయి.

రెండోది, సబ్సిడియరీ ఫోర్స్. ఇది ఈస్టిండియా కంపెనీ సైన్యం, సికింద్రాబాద్‌లో ఉండేది. నిజాంను కాపాడతామని కంపెనీ పెట్టిన కాపలా ఇది. దాని ఖర్చు కోసమే 1800లో నిజాం కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాలు అని స్కూల్లో చదివాం కదా, అవే.

మూడోది, హైదరాబాద్ కంటింజెంట్. మన కథ దీనిదే. దీన్ని నడిపింది బ్రిటిష్ ఆఫీసర్లు, ఆర్డర్లు ఇచ్చింది బ్రిటిష్ రెసిడెంట్. జీతాలు మాత్రం నిజాం ఖజానా నుంచి. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అచ్చం అలా.

రస్సెల్ సాబ్ పెట్టిన పటాలం

1811లో హెన్రీ రస్సెల్ హైదరాబాద్‌కు రెసిడెంట్‌గా వచ్చాడు. ఇప్పుడు కోఠి ఉమెన్స్ యూనివర్సిటీ ఉన్న బంగళాయే అప్పటి రెసిడెన్సీ. అప్పుడు నిజాం సికందర్ జా. రాజ్యం నడిపేది మాత్రం చందూలాల్.

యుద్ధం వస్తే నిజాం ఇన్ని వేల మంది సైన్యాన్ని పంపాలని 1800 నాటి ఒప్పందంలో ఉంది. కానీ ఆయన పంపే సైన్యానికి ట్రైనింగ్ లేదు, జీతాలు నెలల తరబడి అందవు. ఇది పనికిరాదు, మా పద్ధతిలో తయారు చేస్తామన్నాడు రస్సెల్. చందూలాల్ తల ఊపాడు. 1813లో అలా పుట్టింది 'రస్సెల్ బ్రిగేడ్'. రెండు కాల్బల పటాలాలు, ఇంగ్లీష్ డ్రిల్లు, ఇంగ్లీష్ ఆఫీసర్లు. అన్నిటికన్నా ముఖ్యం, టంచనుగా జీతం.

సైన్యంగా అది బాగానే పనిచేసింది. 1817 డిసెంబర్ 21న మాళ్వాలోని మహిద్‌పూర్ దగ్గర హోల్కర్ సైన్యంతో జరిగిన యుద్ధంలో రస్సెల్ సిపాయిలు ఇంగ్లీషు వాళ్ల పక్షాన కొట్లాడి పేరు తెచ్చుకున్నారు. 1819లో నోవా కోట ముట్టడిలోనూ అంతే. ఈ రెండు యుద్ధాల పేర్లు వాళ్ల బ్యాటిల్ ఆనర్స్‌లో చేరాయి.

ఇందులో సిపాయిలు ఎవరు? చాలా మంది ఔధ్ లాంటి ఉత్తరాది ప్రాంతాల వాళ్లు. వాళ్లతో పాటు దక్కనీ ముస్లింలు. నల్లగొండ, పాలమూరు పల్లెల తెలుగువాళ్ల కోసం కట్టిన సైన్యం కాదది.

నూటికి రెండు రూపాయల మిత్తి

మరి ఆ టంచను జీతానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడి నుంచి కథ వెబ్ సిరీస్ అవుతుంది.

హైదరాబాద్‌లో విలియం పామర్ అనే ఆయన ఉండేవాడు. తండ్రి ఇంగ్లీష్ జనరల్, తల్లి ఢిల్లీ వైపు నుంచి వచ్చిన బేగం. ఈయన పెట్టిన 'పామర్ అండ్ కంపెనీ' పెద్ద వడ్డీ వ్యాపార సంస్థ. సిపాయిల జీతాలకు నిజాం దగ్గర డబ్బు లేనప్పుడు పామర్ అడ్వాన్స్ ఇచ్చేవాడు. వడ్డీ? ఏడాదికి నూటికి 24, 25 రూపాయల దాకా. మా ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి రెండు రూపాయల మిత్తి, పైన కొంచెం. ఈ మిత్తి తెచ్చిన ఇల్లు ఏమవుతుందో పాలమూరు జిల్లాలో చిన్న పిలగాడిని అడిగినా చెప్తాడు.

రాజ్యానికీ అదే అయింది. 1820లో మరో 60 లక్షల రూపాయల అప్పు. ఆ సంస్థలో వాటాదారుడైన విలియం రంబోల్డ్ భార్య, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఇంట్లో పెరిగిన పిల్ల. ఇక అడిగేదెవరు? రస్సెల్ తర్వాత రెసిడెంట్‌గా వచ్చిన మెట్‌కాఫ్ అడిగాడు. శిస్తుల కోసం పల్లెలను ఎలా పిండుతున్నారో కలకత్తాకు రాశాడు. పెద్ద గొడవ అయింది.

చివరికి 1823లో ఆ బాకీ ఎలా తీరిందో వినండి. కోస్తాలోని ఉత్తర సర్కారులను నిజాం అంతకుముందే కంపెనీకి ఇచ్చేశాడు. దానికి బదులుగా కంపెనీ ఏటా 7 లక్షల రూపాయల కప్పం నిజాంకు కట్టాలి. ఈ ఏటేటా కట్టే బాధ్యత లేకుండా ఒక్కసారే 1,16,66,666 రూపాయలు లెక్కగట్టారు. ఆ డబ్బు పామర్ అప్పు తీర్చడానికి పోయింది. అంటే గుంటూరు, కృష్ణా, గోదావరి, విశాఖ జిల్లాల మీద శాశ్వతంగా రావాల్సిన కప్పం ఒక్క దెబ్బకు మాయం.

అప్పు తీరింది కదా అనుకుంటున్నారా? పటాలం అలాగే ఉంది. ప్రతి నెలా జీతం అలాగే ఉంది. మీటర్ మళ్లీ మొదలైంది. తేడా ఒక్కటే. ఈసారి అప్పిచ్చింది పామర్ కాదు, సాక్షాత్తూ కంపెనీయే.

మా నడిగడ్డ కుదువ

ముప్పై ఏళ్లలో బాకీ కొండలా పెరిగింది. అప్పటి గవర్నర్ జనరల్ డల్హౌసీ. రాజ్యాలు మింగడంలో ఆయన తర్వాతే ఎవరైనా. 1853 మే 21న నిజాం నాసిరుద్దౌలాతో ఒప్పందం మీద సంతకం చేయించారు. దాని ప్రకారం కంటింజెంట్‌లో 5,000 మందికి తగ్గకుండా కాల్బలం, 2,000 గుర్రపు దళం, నాలుగు ఫిరంగి దళాలు ఉండాలి. వాటి ఖర్చుకు, పాత బాకీ మిత్తికి గాను మూడు ప్రాంతాలను ఇంగ్లీషు వాళ్ల చేతిలో పెట్టాలి. ఒకటి బేరార్, అంటే నేటి విదర్భలోని అమరావతి, అకోలా, యవత్మాల్ వైపు నల్లరేగడి పత్తి నేల. రెండోది ధారాశివ్, మొన్నటి దాకా ఉస్మానాబాద్. మూడోది రాయచూర్ దోఆబ్.

దోఆబ్ అంటే రెండు నదుల మధ్య భూమి. కృష్ణకు తుంగభద్రకు మధ్యనున్న ఆ నేల మ్యాప్‌లో చూడండి. పడమటి వైపు లింగసుగూర్, మధ్యలో రాయచూర్, రెండు నదులు కలవబోయే తూర్పు కొనన గద్వాల, అలంపూర్. మేము నడిగడ్డ అని పిలుచుకునేది ఇదే. లింగసుగూర్‌లో కంటింజెంట్ ఛావనీ ఉండేది. ఒక పటాలం జీతం కోసం కుదువ పెట్టిన భూమి మా చిన్నమ్మ ఊరి పొలిమేర దాకా వచ్చిందన్నమాట. ఇది చదివిన రోజు నాకు చరిత్ర పుస్తకం మా పట్వారీ పహాణీలా కనబడింది.

ఇక సంస్థానాల సంగతి. గద్వాల, వనపర్తి రాజులూ, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న కొల్లాపూర్ నుంచి ఏలిన జటప్రోలు రాజులూ నిజాంకు ఏటా పేష్కష్ కట్టేవాళ్లు. 20వ శతాబ్దం మొదట్లో వచ్చిన ఇంపీరియల్ గెజిటీర్‌లో ఆ లెక్కలు ఉన్నాయి. గద్వాల 86,840 రూపాయలు, వనపర్తి 76,883, జటప్రోలు 73,537. మూడూ కలిపితే 2,37,260. ఇందులో ఏ రూపాయి ఏ సిపాయి చేతికి చేరిందని చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ ఖజానాకు పోయిన ప్రతి రూపాయి వెనక ఒక నాగలి ఉంటుంది. మా అమ్మమ్మది నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె. ఇదంతా చెప్తే, "రాజు రాజుకు కడ్తడు, మనం అందరికి కడ్తం" అని ఒక్క మాటలో తేల్చేసింది.

ఝాన్సీ కోట గోడల దగ్గర

నాలుగేళ్లకు 1857 వచ్చింది. ఔరంగాబాద్‌లో కంటింజెంట్ గుర్రపు దళంలో కొందరు ఎదురు తిరిగారు. వాళ్లను కఠినంగా అణిచేశారు. హైదరాబాద్‌లో జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద దాడి చేశారు. కోఠి చౌరస్తాలో తుర్రేబాజ్ ఖాన్ పేరుతో రోడ్డు ఉంది, ఈసారి బస్సు దిగినప్పుడు చూడండి.

కంటింజెంట్‌లో ఎక్కువ భాగం మాత్రం ఇంగ్లీషు వాళ్లతోనే నిలబడింది. సర్ హ్యూ రోజ్ వెంట మధ్య భారతానికి వెళ్లి ఝాన్సీ, కాల్పీ, గ్వాలియర్ యుద్ధాల్లో పాల్గొంది. అంటే ఝాన్సీ లక్ష్మీబాయిని తరిమిన సైన్యంలో హైదరాబాద్ పేరున్న దళాలూ ఉన్నాయి. మనం స్కూల్ ఫంక్షన్‌లో ఝాన్సీ రాణి వేషం వేసుకుని కర్ర కత్తి తిప్పుతుంటే ఇది ఎవరు చెప్పారు?

ఇందులో సిపాయిని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. వాడికి నెల జీతం కావాలి, ఇంటికి డబ్బు పంపాలి. వాడిని ఎవరి మీదికి పంపాలో నిర్ణయించింది వాడూ కాదు, వాడికి జీతమిచ్చిన రైతూ కాదు.

ఆ సేవకు మెచ్చి 1860లో ఇంగ్లీషు వాళ్లు రాయచూర్ దోఆబ్‌ను, ధారాశివ్‌ను నిజాంకు తిరిగి ఇచ్చారు. 50 లక్షల బాకీ మాఫీ చేశారు. బేరార్‌ను మాత్రం ఇవ్వలేదు. సాలార్ జంగ్ ఏళ్ల తరబడి అడిగాడు, లండన్ దాకా వెళ్లాడు. లాభం లేదు. 1902లో కర్జన్ హైదరాబాద్ వచ్చి మహబూబ్ అలీ పాషాతో మాట్లాడి, ఏటా 25 లక్షల రూపాయలకు బేరార్‌ను శాశ్వత లీజుకు రాయించుకున్నాడు.

మరుసటి ఏడాది, 1903లో ఏమైందో తెలుసా? హైదరాబాద్ కంటింజెంట్ అన్నదే లేకుండా చేశారు. అందులోని ఆరు కాల్బల పటాలాలను బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో కలిపేసి 94 నుంచి 99 దాకా నంబర్లు వేశారు. 94, 95 రస్సెల్స్ ఇన్ఫంట్రీ, 96 బేరార్ ఇన్ఫంట్రీ, ఇలా. ఏ సైన్యం కోసం భూమి కుదువ పెట్టారో ఆ సైన్యం పోయింది. భూమి మాత్రం రాలేదు.

తిలంగా అంటే సిపాయి

1922లో ఈ పటాలాలను, కుమావ్ రైఫిల్స్‌ను కలిపి ఒక పెద్ద రెజిమెంట్ చేశారు. పేరు, 19వ హైదరాబాద్ రెజిమెంట్. ఇదీ మా తమ్ముడు వెతుకుతున్న రెజిమెంట్! హైదరాబాద్ పేరుతో, ఆర్మీ లిస్టులో 19వ నంబర్‌తో, నిఖార్సైన ఇన్ఫంట్రీ.

మరి అందులో ఎవరున్నారు? కుమావ్ కొండల వాళ్లు, హర్యానా వైపు జాట్లు, అహీర్లు, కొందరు దక్కనీ ముస్లింలు. తెలుగువాళ్లు? ఆ లిస్టులో లేరు.

దీనికి కారణం ఉంది. 1881 నుంచి 1885 దాకా మద్రాస్ ఆర్మీకి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, తర్వాత దేశం మొత్తానికి కమాండర్ ఇన్ చీఫ్ అయ్యాడు. యుద్ధానికి పనికొచ్చే జాతులు ఉత్తరాన ఉన్నాయి, దక్షిణాది వాళ్లలో ఆ పస తగ్గిపోయింది అన్నది ఆయన గట్టి నమ్మకం. 'మార్షల్ రేస్' సిద్ధాంతం అంటే ఇదే. 1857లో తిరగబడ్డ ప్రాంతాల వాళ్లను తగ్గించి, తమకు నమ్మకంగా ఉన్న వాళ్లను పెంచుకోవడానికి ఇది బాగా పనికొచ్చింది. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి సైన్యంలో తెలుగువాళ్ల భర్తీ బాగా పడిపోయింది.

ఇప్పుడు అసలు తమాషా చెప్తాను. ఇంగ్లీషు వాళ్లు, ఫ్రెంచి వాళ్లు ఈ దేశంలో మొట్టమొదట సిపాయిలను తయారు చేసింది దక్షిణాదిలో. 1757లో క్లైవ్ వెంట మద్రాస్ నుంచి బెంగాల్ వెళ్లిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారంటే, ఉత్తరాదిలో సిపాయికి పేరే 'తిలంగా' అయిపోయింది. తెలంగా, తిలంగా, అంటే తెలుగు నేలవాడు. ఆ మాట ఎంత పాతుకుపోయిందంటే, వందేళ్ల తర్వాత 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలను కూడా ఊరివాళ్లు తిలంగాలు అనే పిలిచారు. వాళ్లు నిజానికి ఔధ్, బీహార్ వాళ్లు. తెలుగు ముక్క రాదు. అయినా తుపాకీ పట్టి యూనిఫామ్ వేసుకుంటే తిలంగా.

మన ఊరి పేరే సిపాయికి పర్యాయపదమైన దేశంలో, ఒక ఆఫీసర్ వచ్చి మీది సిపాయి జాతి కాదు అన్నాడు. మన వాళ్లు నమ్మేశారు. గద్వాల గ్రౌండ్‌లో వీడి పక్కన ఉరికే పిలగాడు ఇంకా నమ్ముతున్నాడు.

పేరు కూడా పోయింది

రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ రెజిమెంట్ కష్టాలు పడింది. 1942 జనవరి 7న మలయాలోని స్లిమ్ నది దగ్గర తెల్లవారకముందే జపాన్ ట్యాంకులు విరుచుకుపడ్డాయి. ముందు వరసలో ఉన్నది 4/19 హైదరాబాద్. చేతిలో ట్యాంకులను ఆపే ఆయుధాలు దాదాపు లేవు. పటాలం చెల్లాచెదురైంది. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. ఇటు బర్మా వైపు 8/19 హైదరాబాద్‌ను కర్నల్ తిమ్మయ్య నడిపించాడు. ఈయనే తర్వాత భారత ఆర్మీ చీఫ్ జనరల్ తిమ్మయ్య.

యుద్ధం ముగిశాక, 1945 అక్టోబర్ 27న రెజిమెంట్ పేరు మార్చారు. కుమావ్ రెజిమెంట్. ఎక్కువ మంది సైనికులు ఆ కొండల వాళ్లే కాబట్టి అది న్యాయమే. తర్వాత కేంద్రం ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌కు మారింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ తర్వాతి కథ దేశమంతా గర్వపడేది. 1947 నవంబర్ 3న శ్రీనగర్ దగ్గర బడ్గాంలో చేతికి కట్టుతోనే కొట్లాడి ప్రాణాలిచ్చిన 4 కుమావ్ మేజర్ సోమనాథ్ శర్మకు దేశంలో మొదటి పరమవీర చక్ర దక్కింది. ఆయన 1942లో ఆఫీసర్‌గా చేరింది 8/19 హైదరాబాద్ రెజిమెంట్‌లో. 1962 నవంబర్ 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లాలో 13 కుమావ్‌కు చెందిన మేజర్ షైతాన్ సింగ్, ఆయన అహీర్ జవాన్లు గడ్డకట్టే చలిలో ఆఖరి తూటా దాకా నిలబడ్డారు. ఈ రెజిమెంట్ నుంచి ముగ్గురు ఆర్మీ చీఫ్‌లు వచ్చారు. శ్రీనగేశ్, తిమ్మయ్య, రైనా. వీళ్లలో జనరల్ శ్రీనగేశ్ 1962 నుంచి 1964 దాకా మన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నర్ కూడా.

హైదరాబాద్ పేరు టోపీ మీది నుంచి పోయింది. ఒక్క గుర్తు మాత్రం పోలేదు. కుమావ్ రెజిమెంట్ బ్యాడ్జ్ మీద శిలువ పట్టుకున్న సగం సింహం ఉంటుంది. అది హెన్రీ రస్సెల్ వంశపు చిహ్నం నుంచి వచ్చింది. పటాలం పెట్టిన దొర గుర్తు ఉంది. కొట్లాడిన వాళ్ల పేరు ఉంది. జీతమిచ్చిన నేల ఆనవాలే ఎక్కడా లేదు.

కుమావ్ జవాన్ల పేరు తీసి మన పేరు పెట్టమని నేను అనడం లేదు. నెత్తురు చిందించింది వాళ్లు. ఆ పేరు వాళ్లదే. మన వంతు కథ మనకైనా తెలియాలి కదా అనేదే నా బాధ.

తమ్ముడికి ఏం చెప్పానంటే..

పోయిన వారం గద్వాల వెళ్లాను. పొద్దున్నే వాడితో పాటు గ్రౌండ్‌కు పోయాను. చీకట్లో పది పదిహేను మంది పిల్లలు. కొందరికి బూట్లు లేవు. మధ్యలో ఆగి కడుపు పట్టుకుంటున్నారు, మళ్లీ ఉరుకుతున్నారు. పాలమూరు అంటే వలస కూలి అని, తట్ట మోసే చేతులని దేశమంతా అనుకున్న రోజులు మా అమ్మ చూసింది. ఈ పిల్లలు చూడొద్దని ఉరుకుతున్నారు.

పరుగు అయ్యాక కోట దిక్కు నడిచాం. సోమనాద్రి కట్టించిన గద్వాల కోట. లోపల చెన్నకేశవుడి గుడి, డిగ్రీ కాలేజీ. గుడి మెట్ల మీద కూర్చుని ఈ కథంతా వాడికి చెప్పాను. వాడు మధ్యలో మూడుసార్లు ఫోన్ చూశాడు, నాలుగోసారి జేబులో పెట్టేశాడు. అప్పుడు తెలిసింది, వింటున్నాడని.

"అంటే పైసలు మనయి, పేరు మనది, మనుషులు మాత్రం మనోళ్లు కాదన్నట్టు."

"అవ్. తర్వాత పేరు కూడా పోయింది."

"మరి ఇప్పుడు?"

ఇప్పుడు సంగతి వేరు. మద్రాస్ రెజిమెంట్‌లో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. 2022లో అగ్నిపథ్ వచ్చాక భర్తీ 'ఆల్ ఇండియా ఆల్ క్లాస్' పద్ధతి వైపు పోతోంది. అంటే ఏ ఊరివాడైనా ఏ రెజిమెంట్‌లోనైనా పడొచ్చు. నాలుగేళ్ల తర్వాత ఏంటి అన్న దిగులు మా చిన్నమ్మకు ఉంది, ఆ దిగులు ఉత్తది కాదు. కానీ జాతి పేరు చెప్పి తలుపు వేసే రోజులైతే పోతున్నాయి.

ఇంకో పేరు కూడా గుర్తు చేశాను. కర్నల్ సంతోష్ బాబు. సూర్యాపేట బిడ్డ. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చినప్పుడు ఆయన కమాండింగ్ ఆఫీసర్‌గా ఉన్నది 16 బీహార్ పటాలానికి. మహావీర చక్ర వచ్చింది. బీహార్ పేరున్న పటాలానికి ముందు నిలబడ్డది ఒక తెలంగాణ మనిషి. రాబర్ట్స్ దొర ఉంటే ఏ లెక్కలో రాసుకునేవాడో!

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. గుడి గంట మోగింది. లేచి ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"అక్కా, గా పిలగానికి నేను చెప్తా తియ్. సిపాయి అంటేనే తిలంగా అంటరని."

"చెప్పు. రెజిమెంట్ ఏది పడినా మంచిదేనా మరి?"

"టోపీ మీద ఏ పేరుంటే ఏందక్కా? కింద తలకాయ నాది ఉంటది గద" అన్నాడు.

ఇంటికి పోయేసరికి చిన్నాయన మగ్గం చప్పుడు మొదలైంది. వీడు రెండు రొట్టెలు తిని, రేపటి కోసం అలారం పెట్టుకున్నాడు. నాలుగున్నరకు.